తారకం గారు మనకు అప్పగించిన పని

(ఒంగోలులో న్యాయ విద్యార్థులు, కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టిన న్యాయవాదులు, పల్లెల నుంచి వచ్చిన కార్యకర్తల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ జై భీమ్. అమ్మలకు, అక్కచెల్లెళ్లకు, యువ మిత్రులకు నమస్కారం.

దళిత హక్కుల న్యాయవాది బొజ్జా తారకం గారి గురించి మాట్లాడమన్నారు. ఆయనది కోనసీమలోని కందికుప్ప. 1939 జూన్ 27న పుట్టారు, 2016 సెప్టెంబరు 16న హైదరాబాదులో పోయారు. ప్రాక్టీసు నిజామాబాదులో, ఆ తర్వాత హైదరాబాదు హైకోర్టులో. మరి ఒంగోలులో కూర్చుని ఆయన్ని తలుచుకోవడం ఎందుకని కుర్రవాళ్లు అడగొచ్చు. కారంచేడులో దళితుల మీద జరిగిన దాడి వల్ల. 2022 ఏప్రిల్‌లో ఆ ఊరు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది గానీ 1985లో మన ప్రకాశం జిల్లాదే. ఆ ఊళ్లో జరిగిన దానికి బదులుగా తారకం గారు చేసిన పనుల్లో ఇవాళ్టికీ మన స్టేషన్లలో, మన కోర్టుల్లో పూర్తి కానివి ఉన్నాయి. నేను ఎక్కువగా వాటి గురించే చెబుతాను. ముందు ఆ ఇంటి గురించి కొంత చెప్పాలి, ఎందుకంటే ఆ పనులన్నీ ఒక్క మనిషి చేతుల మీదుగా జరిగినవి కావు.

తండ్రి బొజ్జా అప్పలస్వామి గారు అంబేడ్కర్ నడిపిన షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్ మనిషి. 1952లో అమలాపురం నుంచి శాసనసభకు గెలిచారు. కాంగ్రెస్ గాలి అంత బలంగా వీస్తున్న రోజుల్లో ఫెడరేషన్ గుర్తు మీద నిలబడి గెలవడం చిన్న సంగతి కాదు. తారకం గారు అంబేడ్కర్‌ని పుస్తకాల్లో కనుక్కోనక్కర్లేదు, ఆ పేరు చెప్పుకునే ఇంట్లోనే పెరిగారు.

భార్య విజయభారతి గారు. మన సభల్లో ఆమె ప్రస్తావన చివరి వాక్యంలో, 'వారి సతీమణి' అని వచ్చి వెళ్లిపోతుంది. ఇది సరికాదు. ఆమె బోయి భీమన్న గారి కుమార్తె. కాలిపోతున్న గుడిసెల మీద రాసిన కావ్యానికి 1975లో సాహిత్య అకాడమి పురస్కారం అందుకున్న కవి ఆయన. విజయభారతి గారు తెలుగు సాహిత్యంలో పరిశోధన చేశారు, తెలుగు అకాడమిలో పనిచేశారు, అంబేడ్కర్ జీవిత చరిత్రను తెలుగులో రాశారు, ఫూలే గురించి రాశారు. పురాణ కథలను కులం వైపు నుంచి, స్త్రీ వైపు నుంచి తిరగేసి చదివి చూపించారు. 2024లో ఆమె కూడా పోయారు. మన జిల్లా పల్లెల్లో అంబేడ్కర్ జయంతి నాడు మైకు ముందు నిలబడే పిల్లాడికి తెలుగులో చదువుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతోందంటే ఆమె లాంటివాళ్లు కూర్చుని రాయబట్టే. భర్త కోర్టు పనిని, భార్య రాత పనిని విడదీసి ఒకదాన్ని పెద్దది, ఇంకోదాన్ని చిన్నది అనడం నాకు ఒప్పుదల కాదు. పిల్లల్లో మహిత గారు వైద్యురాలు, రాహుల్ బొజ్జా గారు ఐఏఎస్ అధికారి, తెలంగాణలో ఎస్సీ అభివృద్ధి శాఖ కార్యదర్శిగా కూడా పనిచేశారు. ప్రభుత్వం మీద కేసులు వేసిన తండ్రి, ప్రభుత్వంలో ఫైళ్లు నడిపిన కొడుకు. కొందరికి ఇది వింతగా తోస్తుంది. నాకు తోచదు. చట్టం రాసేచోట, అమలు చేసేచోట, తప్పితే నిలదీసేచోట, మూడు చోట్లా మనవాళ్లు ఉండాలి.

నిజామాబాదులో ఉండగా ఎమర్జెన్సీ వచ్చింది. తారకం గారిని అరెస్టు చేసి జైల్లో పెట్టారు. వకీలు జైలుకు పోతే ఇంట్లో ఏమవుతుందో ఇక్కడున్న వకీళ్లకు చెప్పనక్కర్లేదు. జీతగాడికి సస్పెన్షన్‌లో సగం జీతమైనా వస్తుంది, వకీలు కోర్టుకు పోని రోజు రూపాయి రాదు. క్లయింట్లు ఫైళ్లు తీసుకుని ఇంకొకరి దగ్గరికి పోతారు. అలాంటి రోజుల్లో ఇంటికి ఆసరా ఇంకొకరి ఉద్యోగం, ఇంకొకరి గుండె నిబ్బరం. హక్కుల ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు ఈ లెక్క కూడా రాయాలి.

ఆయన రాసిన వాటిలో కవిత్వం ఉంది, కులం-వర్గం మీద సిద్ధాంత చర్చ ఉంది. నా మట్టుకు అన్నింటికన్నా ఎక్కువ ఉపయోగపడింది 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే చిన్న పుస్తకం. చట్టాన్ని మామూలు మనిషి చదివి అర్థం చేసుకునే తెలుగులో పెట్టారు. అప్పట్లో చట్టం ఇంగ్లీషులో ఉండేది, స్టేషనులో మాట లాఠీతో ఉండేది. ఆ రెంటి మధ్యా నిలబడ్డ మనిషి చేతికి ఒక తెలుగు పుస్తకం ఇచ్చారు. ఆ తర్వాత 1996లో, అరెస్టు చేసేటప్పుడు పోలీసులు పాటించాల్సిన నియమాలు చెప్పిన డి.కె. బసు కేసు తీర్పు వచ్చింది. 2024 జులై 1 నుంచి నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) పోయి నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మూల సూత్రాలు మారలేదు. అరెస్టుకు కారణం వెంటనే చెప్పాలి, అది 47వ సెక్షన్. బంధువుకో స్నేహితుడికో కబురు పెట్టాలి, 48. ప్రయాణ సమయం మినహా 24 గంటల్లోపు మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, 58. ఆ పుస్తకం చదివి పెరిగినవాళ్లు కొత్త నంబర్లతో ఒక పేజీ రాసి ప్రతి పల్లెలో గోడకు అంటించాలి. ఎవరో చేస్తారని చూస్తే జరగదు.

ఇక కారంచేడు. 1985 జులై 16న మంచినీళ్ల చెరువు దగ్గర ఊరి భూస్వామ్య కులం వాళ్లు గేదెలు కడిగి నీళ్లు పాడుచేస్తుంటే మాదిగపల్లె వాళ్లు అభ్యంతరం చెప్పారు. నీళ్లకు వచ్చిన ఒక స్త్రీ తన మీదికి వచ్చినవాళ్లను బిందె ఎత్తి ఆపింది. మర్నాడు పొద్దున మంది వచ్చి పల్లె మీద పడ్డారు. ఆరుగురు చనిపోయారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. మిగిలినవాళ్లు పొలాలకు అడ్డంపడి చీరాల చేరారు, చర్చి ఆవరణలో తలదాచుకున్నారు.

తారకం గారు అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది. అంటే కోర్టులో సర్కారు తరఫున నిలబడే మనిషి. కారంచేడుకు నిరసనగా ఆ పదవికి రాజీనామా చేశారు. సర్కారు తరఫు వకీలుగా ఉంటూ సర్కారు నిర్లక్ష్యాన్ని ప్రశ్నించడం వృత్తి ధర్మం రీత్యా కుదరదు. వకాల్తా ఒక పక్షానికే ఉంటుంది. ఆయన తన పక్షం ఎంచుకున్నారు. పొన్నూరులో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు గారు, ఈయన, మరెందరో కలిసి చీరాల శిబిరం చుట్టూ ఉద్యమాన్ని నిలబెట్టారు. 1985 సెప్టెంబరు 1న తెనాలిలో దళిత మహాసభ పుట్టింది.

ఆ శిబిరంలో తీసుకున్న ఒక నిర్ణయం మీద నాకు చాలా గౌరవం. మళ్లీ ఆ ఊరికి వెళ్లబోమన్నారు. కేవలం కోపంతో అన్న మాట కాదది. కూలి పని ఇచ్చేవాడు, పాల కేంద్రం నడిపేవాడు, అప్పు పెట్టేవాడు, మీద పడి కొట్టినవాడు ఒకే కుదురు మనుషులైనప్పుడు సాక్షి ఆ ఊళ్లో ఉండి సాక్ష్యం చెప్పలేడు. అందుకే చీరాలలోనే ఇళ్లు కావాలన్నారు, విజయనగర్ కాలనీ అలా వచ్చింది. పునరావాసం అంటే దయతో ఇచ్చే ఇల్లని చాలామంది అనుకుంటారు. క్రిమినల్ కేసు నడిపేవాళ్ల కళ్లతో చూస్తే అది సాక్షి రక్షణ.

అయినా కేసుకు పట్టిన కాలం చూడండి. ఘటన 1985. కింది కోర్టు శిక్షలు వేసింది, హైకోర్టు కొట్టేసింది, 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు ప్రధాన ముద్దాయికి జీవిత ఖైదు, మరికొందరికి మూడేళ్ల శిక్ష ఖాయం చేసింది. 23 ఏళ్లు. ఈ మధ్యలో ముఖ్య సాక్షిగా నిలబడాల్సిన ఒక తల్లి హత్యకు గురైంది. 1991లో గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపారు. ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు, 2007లో 21 మందికి జీవిత ఖైదు పడింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. చావు ఎప్పుడు జరిగింది, ఎక్కడ జరిగింది, చంపినవాళ్లు ఫలానావాళ్లేనా అన్నవి సందేహానికి తావులేకుండా రుజువు కాలేదంది. ఈ తీర్పు చదివి బాధపడనివాళ్లు లేరు. బాధతో పాటు మనం దాన్ని పనివాళ్లలాగా కూడా చదవాలి. సందేహం ఎక్కడ దూరింది? మొదటి రెండు మూడు రోజుల కాగితాల్లో.

కారంచేడు నాటికి 1955 నాటి పౌరహక్కుల రక్షణ చట్టం, మామూలు శిక్షాస్మృతి తప్ప ఏమీ లేవు. దేశమంతటా ఇలాంటి ఘటనలు, వాటి మీద ఉద్యమాలు జరిగాక 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది, 1990 జనవరి 30 నుంచి అమల్లో ఉంది. 1995లో రూల్సు, 2016లో పెద్ద సవరణ, 2018లో 18ఏ సెక్షన్. ఇంత మంచి చట్టం చేతిలో ఉండి కేసులు ఎందుకు పోతున్నాయో వరసగా చెబుతాను, రాసుకోండి.

మొదటి తప్పు ఫిర్యాదులోనే జరుగుతుంది. బాధితుడు ఏడుస్తూ చెబుతాడు, పక్కనున్న నాయకుడు తన భాషలో రాస్తాడు. నాలుగు పేజీల ఆవేశం ఉంటుంది, కావలసిన నాలుగు ముక్కలు ఉండవు. ఫిర్యాదిది ఏ కులం, ముద్దాయిది ఏ కులం, రాయండి. ముద్దాయికి మన కులం తెలుసని ఎలా చెప్పగలమో రాయండి: ఒకే ఊరివాళ్లమని, వాళ్ల పొలంలో ఇన్నేళ్లు పనిచేశామని. 8వ సెక్షన్‌లో ఒక అనుకూలమైన అంశం ఉంది, మనిషో కుటుంబమో ముందే ఎరుకైతే కులం తెలుసనే కోర్టు భావిస్తుంది. ఆ ఎరుక సంగతి కాగితం మీద ఉంటేనే అది పనికొస్తుంది. కులం పేరుతో తిట్టిన కేసైతే తిట్టిన మాట ఉన్నదున్నట్టు రాయాలి. 'అసభ్యంగా దూషించాడు' అని మర్యాదగా రాస్తే కేసు అక్కడే చచ్చిపోతుంది. తిట్టింది నలుగురు చూసే చోటేనా, ఆ నలుగురు ఎవరు? 2020లో హితేష్ వర్మ కేసులో సుప్రీంకోర్టు నాలుగు గోడల మధ్య బయటివాళ్లు లేనప్పుడు అన్న మాట కుల దూషణ సెక్షన్ కిందికి రాదంది. కాబట్టి రచ్చబండ దగ్గరా, బజార్లోనా, వరండాలోనా, ఎవరు విన్నారు, అన్నీ రావాలి. లేనిది రాయొద్దు. ఒక్క అబద్ధపు సాక్షి పేరు కలిపితే క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అంటే ఎదుటి వకీలు ప్రశ్నలు వేసేటప్పుడు, నిజమైన ముగ్గురి మాటా పోతుంది.

రెండోది స్టేషను గడప. ఎంక్వయిరీ చేసి కడతాం, రేపు రండి అంటారు. 18ఏ ప్రకారం ఈ చట్టం కింద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ప్రాథమిక విచారణ అవసరం లేదు. కొత్త సంహితలో కొన్ని నేరాలకు 14 రోజుల ప్రాథమిక విచారణ అనేది వచ్చింది, దాన్ని చూపించి పంపించేస్తే ఈ సెక్షను చెప్పండి. నోటితో చెప్పినా రాసుకోవాలి, చదివి వినిపించాలి, సంతకమో వేలిముద్రో తీసుకోవాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. ఇది 5వ రూలు. కట్టకపోతే అదే ఫిర్యాదు ఎస్పీ గారికి రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచండి. ఆ రసీదే రేపు 'ఇన్ని రోజులు ఆలస్యం ఎందుకు' అన్న ప్రశ్నకు జవాబు. కావాలని విధి నిర్వహించని అధికారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష ఉందని 4వ సెక్షను చెబుతోంది. గొడవ పడకుండా, గొంతు పెంచకుండా ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వండి, చాలాసార్లు పని జరుగుతుంది.

ఎదుటివాళ్లు ఊరుకోరు. మనకన్నా ముందో, అదే సాయంత్రమో దొంగతనమనో, ఆడవాళ్ల మీద చేయి వేశాడనో కౌంటర్ కేసు పెడతారు. ఆర్నెల్ల తర్వాత ఇద్దరూ రాజీ పడండి అంటారు. కౌంటర్‌కు భయపడి దాచుకోవద్దు. మనవాడికి దెబ్బలు తగిలితే ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి గాయాల సర్టిఫికెట్‌కు ఆధారం పడేలా చూడండి. ఎవరు కొట్టారు, దేనితో కొట్టారు అని డాక్టరు అడిగినప్పుడు చెప్పిన మాట, ఫిర్యాదులో చెప్పిన మాట ఒక్కటిగా ఉండాలి. అక్కడ కర్ర, ఇక్కడ గొడ్డలి అని పడితే ముద్దాయి వకీలుకు అరగంట క్రాస్ దొరికినట్టే.

దర్యాప్తు డీఎస్పీ హోదాకు తగ్గని అధికారి చేయాలి, 7వ రూలు. పేరుకు డీఎస్పీ, సాక్షుల్ని అడిగేది ఎస్సై అయితే ముద్దాయి తరఫున దర్యాప్తే చెల్లదని వాదిస్తారు. అందుకే స్టేట్‌మెంటు ఇచ్చిన ప్రతి సాక్షి, ఎవరు రాసుకున్నారు, ఏ తేదీన అన్నది ఇంట్లో ఒక నోటు పుస్తకంలో గుర్తుపెట్టుకోవాలి. ఛార్జిషీటుకు గడువు 60 రోజులు. దాటితే కారణం రాతపూర్వకంగా చెప్పాలి. ముఖ్య సాక్షులను మేజిస్ట్రేటు ముందుకు పంపి కొత్త సంహిత 183 సెక్షన్ కింద వాంగ్మూలం ఇప్పించమని దర్యాప్తు అధికారికి అర్జీ పెట్టండి. పోలీసుకు ఇచ్చిన స్టేట్‌మెంటు మీద సంతకం ఉండదు, తర్వాత అడ్డం తిరగడం తేలిక. మేజిస్ట్రేటు ముందు చెప్పింది అంత తేలిగ్గా మార్చలేరు.

బెయిలు దగ్గర మనవాళ్లు నిద్రపోతారు. ముందస్తు బెయిలుకు 18వ సెక్షను అడ్డుగా ఉంది గానీ, ఫిర్యాదు చూడగానే ఈ చట్టం కింద నేరమే కనబడకపోతే కోర్టులు ఇస్తాయి. మామూలు బెయిలు పిటిషన్ వేసినా బాధితులకు నోటీసు రావాలి, వాళ్ల మాట వినాలి. 15ఏ సెక్షను. 2021లో హరిరామ్ భాంభీ కేసులో సుప్రీంకోర్టు ఇది తప్పనిసరి అంది. నోటీసు లేకుండా బెయిలు ఇచ్చారంటే ఆ కారణం మీదే పైకోర్టుకు వెళ్లొచ్చు.

పరిహారం గురించి తారకం గారి తరంవాళ్లు ఊహించనంత స్పష్టత ఇప్పుడు రూల్సులో ఉంది. 2016 సవరణ ప్రకారం హత్య కేసులో 8 లక్షల 25 వేలు. సగం పోస్టుమార్టం అయ్యాక, సగం ఛార్జిషీటు కోర్టుకు వెళ్లాక. దీనికి తోడు భార్యకో ఆధారపడ్డవాళ్లకో నెలకు 5 వేలు, దాని మీద కరువు భత్యం, కుటుంబంలో ఒకరికి ఉద్యోగం, పొలం, పిల్లల చదువు, మూడు నెలల వంటసామాను తిండిగింజలు. తక్షణ సహాయం ఏడు రోజుల్లో కలెక్టరు ఇప్పించాలి. డబ్బు ఎందుకు ఆగుతుందంటే ఎక్కువసార్లు కుల ధ్రువపత్రం లేక, బ్యాంకు ఖాతా పేరు ఆధార్ పేరు కలవక. దినం అయ్యేలోపు ఆ రెండూ చూసే మనిషి ఒకరు ఉండాలి.

సాక్షి కోర్టుకు వచ్చిన రోజు కూలి పోతుంది. మిర్చి కోతలప్పుడు, పొగాకు బేరన్ల రోజుల్లో వాయిదా పడితే సాక్షి రాడు, రెండోసారి రాకపోతే ముద్దాయి మనిషి వాళ్లింటి ముందు కూర్చుంటాడు. 11వ రూలు కింద బస్సు ఛార్జీ, కనీస వేతనానికి తగ్గని రోజు భత్యం ఇవ్వాలి, ఆ రోజే, కుదరకపోతే మూడు రోజుల్లోపు. అడిగేవాళ్లు లేక ఆ పద్దు కదలదు. ప్రభుత్వం తరఫున కేసు నడిపే పబ్లిక్ ప్రాసిక్యూటర్ మీద నమ్మకం లేకపోతే పేరున్న సీనియర్ న్యాయవాదిని పెట్టమని కలెక్టరును కోరే హక్కు 4వ రూలులో ఉంది. ఛార్జిషీటు వచ్చాక రెండు నెలల్లో విచారణ ముగియాలని చట్టం ఆశిస్తోంది. అలా జరగడం లేదు. సాక్ష్యం ఏళ్ల తరబడి సాగినచోట మనుషులు అలిసిపోతారు, ముసలివాళ్లు పోతారు, కొందరు అమ్ముడుపోతారు. వాళ్లను తిట్టే ముందు వాళ్లకు మనం ఎన్నిసార్లు తోడు వెళ్లామో చూసుకోవాలి.

కలెక్టరు అధ్యక్షతన జిల్లా విజిలెన్స్ మానిటరింగ్ కమిటీ ఉంది. మూడు నెలలకు ఒకసారైనా కూర్చోవాలి. ఒంగోలులో అయినా నెల్లూరులో అయినా, మీటింగు ఎప్పుడు జరిగింది, ఎన్ని కేసుల్లో ఛార్జిషీటు 60 రోజులు దాటింది, ఎంతమందికి పరిహారం బాకీ ఉంది, ఈ మూడు ప్రశ్నలతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని. సమాధానాలు మూడు నెలలకోసారి వరసగా పెట్టుకుంటూ పోతే ఏడాదికి జిల్లా మొత్తం పరిస్థితి మీ దగ్గర ఉంటుంది. ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కోర్టు ఆవరణలోనే ఉంది. కుర్ర వకీళ్లు అక్కడ ప్యానెల్లో పేరు నమోదు చేయించుకోవాలి.

ఇంకో మాట. కారంచేడు శిబిరంలో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లకు ఇప్పుడు నలభై దాటాయి. పెద్దవాళ్లు చాలామంది పోయారు. విజయనగర్ కాలనీ ఇళ్లల్లో ఉన్న పాత కాగితాలు, సమన్లు, పట్టాలు, కరపత్రాలు చెదలు పట్టకముందే స్కాన్ చేయాలి. లామినేషన్ చేయించొద్దు, పాత కాగితం ఆ వేడికి పాడవుతుంది, మళ్లీ ఊడదీయలేం. తీర్పుల సర్టిఫైడ్ కాపీలు మూడు కోర్టులవీ తెప్పించి తెలుగులో సారాంశం రాయాలి. విజయభారతి గారు పుస్తకాల విషయంలో చేసింది ఈ పనే, మనవాళ్ల సంగతి మన భాషలో అందుబాటులోకి తేవడం. ఇందులో లా చదివేవాళ్ల కంటే తెలుగు ఎంఏ చదివేవాళ్లు ఎక్కువ పనికొస్తారు, వాళ్లను కలుపుకోండి.

ఇప్పుడు భోజనాలకు ముందు ఒక గంట ఉంది. మీ అందరికీ పేర్లు తీసేసిన ఒక ఫిర్యాదు ఇచ్చారు. ఇద్దరిద్దరు కూర్చుని చదవండి. కులాలు ఉన్నాయా, ఎరుక ఉందా, చోటు ఉందా, విన్నవాళ్లు ఉన్నారా, తేదీ సమయం ఉన్నాయా చూసి, లేనివి ఎర్ర పెన్నుతో గుర్తుపెట్టి, ఆ ఫిర్యాదును ఒకే పేజీలో తిరగరాయండి. తర్వాత ఒక్కొక్కటి తీసుకుని ముద్దాయి వకీలు వైపు నుంచి ప్రశ్నలు వేస్తాను.

నమస్కారం.